పాలమ్మే ఇంట్లో పాలు పడని పాప

పెళ్ళై నేను బొమ్మనహళ్ళికి వచ్చేనాటికి మా అత్తకు రెండు ఆవులుండేవి. హోసూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగి, బట్టలు కుట్టే ఫ్యాక్టరీ గోడ వెంబడి నడిస్తే మూడో సందులో మా ఇల్లు. ముందు రెండు గదులు, వెనక రేకుల కొట్టం. పొద్దున ఆరు కాకముందే సందులోని ఆడవాళ్ళు చెంబులూ గిన్నెలూ పట్టుకొని మా గడప దగ్గర నిలబడేవాళ్ళు. వాళ్ళలో చాలామంది ఎనిమిదింటికల్లా మిషన్ల ముందు కూర్చోవలసినవాళ్ళు. మా అత్త ఒక్కొక్కరి గిన్నెలో పాలు పోసి, చివర్లో కాస్త కొసరు వేసేది. కొత్తగా వచ్చినవాళ్ళతో, "నీళ్ళు చుక్క పొయ్యలేదప్పా, కావాలంటే వేలు ముంచి చూడు" అనేది.

ఆమె పుట్టి పెరిగింది బెంగళూరులోనే. తాతలు హిందూపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు. మాట్లాడేది తెలుగే కానీ అందులో సగం కన్నడం కలిసి ఉండేది. భర్త పోయాక ఆ ఆవుల మీదే కొడుకును పెంచి, చదివించింది. ఆ కొడుకు, అంటే మా ఆయన, అత్తిబెలె దగ్గర ఒక కంపెనీలో ఫిట్టరు. నేను పెనుకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చాను. పెళ్ళైన ఏడాదికి ఆ గోడ అవతలి ఫ్యాక్టరీలోనే కాలర్లు కుట్టే పనికి చేరి, కడుపుతో ఉన్న ఏడో నెలలో మానేశాను.

తొంభైల మధ్యలో ఒక ఎండాకాలం పాప పుట్టింది. తొలి కాన్పుకు పుట్టింటికి పోవలసింది కానీ అప్పుడే మా అమ్మ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. దాంతో బాలింత పనులన్నీ మా అత్తే చేసింది. నాకు ఒళ్ళు పట్టడం, నీళ్ళు పోయడం, సాంబ్రాణి వెయ్యడం, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకొని స్నానం చేయించడం, ఏదీ నా చేతికి రానివ్వలేదు. అన్నిటికంటే ముఖ్యంగా పాలు. పొద్దున పెద్ద గ్లాసు, సాయంత్రం పెద్ద గ్లాసు, మధ్యలో నెయ్యి వేసిన అన్నం, పెరుగు.

"తాగు. తల్లి తాగితేనే కదా బిడ్డకు వచ్చేది" అని గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చునేది.

మా పుట్టింట్లో ఎప్పుడూ నాకోసం అట్లా కూర్చున్నవాళ్ళు లేరు. ఆరుగురు పిల్లల్లో నేను నాలుగోదాన్ని. ఆ గ్లాసు చేతిలో పట్టుకుంటే, నన్ను కూడా ఎవరో కన్నట్టే ఉండేది.

పాపకు రెండో నెలలో చెంపలు ఎర్రబడ్డాయి. మొదట బుగ్గలు గులాబీ రంగులో ఉన్నాయని మురిసిపోయాం. వారం తిరిగేసరికి ఆ ఎరుపు గరుకుగా మారి, పొలుసులు లేచి, మోచేతి మడతల్లోకీ మోకాళ్ళ వెనక్కీ పాకింది. పాలు తాగిన కాసేపటికి కాళ్ళు ముడుచుకొని ఏడుపు మొదలుపెట్టేది. ఎత్తుకున్నా ఆగదు, ఊపినా ఆగదు. ఒకరోజు గుడ్డ మారుస్తుంటే విరేచనంలో జిగురు, ఆ జిగురులో సన్నటి ఎర్రదారాల్లాగా నెత్తురు కనిపించింది.

మా సందు చివర ఉన్న డాక్టరు ఇన్ఫెక్షన్ అని మందు రాశాడు. అది అయిపోయినా నెత్తురు ఆగలేదు. ఇంకో డాక్టరు కడుపునొప్పికి చుక్కలు, ఒంటికి పూత మందు ఇచ్చాడు. పూత రాసిన రెండు రోజులు చర్మం మెత్తబడి మళ్ళీ మొదటికి వచ్చేది. ఇంట్లో వస అరగదీసి నాకించాం, బొడ్డు చుట్టూ ఇంగువ పూశాం, మిరపకాయలు తిప్పి దిష్టి తీశాం. సందులో ఒకరు వేడి అన్నారు, ఒకరు ఫ్యాక్టరీ పొగ అన్నారు. మా అత్త మాత్రం నేను సరిగ్గా తినకపోవడం వల్లనే అనుకొని నాకు మరో గ్లాసు పాలు పెంచింది.

నాలుగో నెలలో మా అమ్మ చెయ్యి బాగై కబురు పంపింది. పాపను తీసుకొని ఊరికి పోయాను. ఆ ఏడు మా వైపు వానల్లేవు. మేత లేక ఇంట్లో బర్రెను అమ్మేశారు. కాఫీ అంటే బెల్లం వేసిన నల్ల కాఫీయే. తిండి రాగి సంగటి, ఆకుకూర, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి. బాలింతకు చుక్క పాలు పెట్టలేకపోతున్నానని మా అమ్మ ఒకటే బాధపడింది.

మూడో వారం నుంచి పాప మారింది. చెంపల మీద పొలుసులు రాలి, కింద నున్నటి తోలు కనిపించింది. గుడ్డల్లో నెత్తురు లేదు. పాలు తాగి, నా ముఖంలోకి చూసి, నవ్వి, నిద్రపోయేది. బిడ్డ అంటే ఇట్లా ఉంటుందా అనుకొని ఆ నిద్రపోయే ముఖాన్ని చూస్తూ కూర్చునేదాన్ని.

"మన నీళ్ళు పడినాయి పాపకు" అంది మా అమ్మ. నేనూ అదే నమ్మాను.

తిరిగి వచ్చాక ఆ మాటే మా అత్తతో అన్నాను. ఆమె పాపను ఎత్తుకొని చెంపలు నిమిరి, సంతోషపడి, తరువాత "అయితే మా ఇంటి నీళ్ళు పడల్యా?" అంది. కొట్టంలోకి పోయి చాలాసేపు రాలేదు. సాయంత్రం మళ్ళీ నా గ్లాసు నా ముందుకొచ్చింది. నాలుగైదు రోజుల్లోనే పాప మళ్ళీ కాళ్ళు ముడుచుకొని ఏడవడం మొదలుపెట్టింది. నెలలోపల చెంపలు మళ్ళీ పగిలాయి. మేం నీళ్ళను కాచి చల్లార్చి వాడాం. బోరు నీళ్ళు మాని దూరంగా ఉన్న కొళాయి నుంచి బిందెలు మోశాం. ఆ బిందెలు మోసి అలసి వచ్చిన నాకు మా అత్త ప్రేమగా మజ్జిగ కలిపి ఇచ్చేది.

ఆరో నెల వస్తుండగా ఒక మంచిరోజు చూసి, ఉగ్గుగిన్నెలో పలచటి ఆవుపాలు పోసి, పాపకు మొదటిసారి పట్టింది. రెండు చుక్కలు నోట్లో పడగానే పాప ముఖం పక్కకు తిప్పుకుంది. తాగిందాన్ని కక్కింది. నోటి చుట్టూ ఎర్రబడింది. చొంగ ఒరుసుకుందేమో అనుకున్నాం. "దీనికి పొగరప్పా, ఇంకో నెల పోనీ" అని మా అత్త నవ్వి గిన్నె కడిగేసింది.

ఆ తరువాత వారం ఒక పొద్దున జరిగింది అసలు సంగతి.

నేను స్నానానికి వెళ్ళాను. మా ఆయన షిఫ్టుకు తయారవుతున్నాడు. ఉక్కపోతకు ఒంటి మీద చొక్కా లేకుండా పాప చాప మీద పడుకొని ఉంది. ఏడుపు వినిపించి, పాలు పితుకుతున్న మా అత్త మధ్యలోనే లేచి వచ్చి పాపను ఎత్తుకుంది. నేను తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి మా ఆయన పాపను భుజాన వేసుకొని నిలబడి ఉన్నాడు. పాప వీపు నాకు కనిపిస్తోంది. వీపు మీద నాలుగు వేళ్ళు ఎర్రగా, ఉబ్బెత్తుగా తేలి ఉన్నాయి. చంక కింద బొటనవేలి గుర్తు.

"పాపను ఎవురు కొట్టినారు?" అన్నాడు ఆయన.

మా అత్త అర్థం కానట్టు చూసింది. దగ్గరికి వచ్చి వీపు చూసింది. "నేనా? నేను ఎత్తుకున్నానంతే గదరా" అంది.

నా చూపు ఆమె చేతుల మీదికి పోయింది. అరక్షణమే. నేను చూడడం ఆమె చూసింది.

గంట తిరిగేసరికి ఆ గుర్తులు వాటంతటవే మాయమయ్యాయి. దెబ్బ తగిలితే అంత తొందరగా పోదని ఆలోచించే తెలివి ఆ పూట మాకెవరికీ లేకపోయింది. మా ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. మా అత్త ఆ రోజంతా పాపను ముట్టుకోలేదు. అన్నం తినలేదు. పాప దొర్లుకుంటూ పోయి ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుంటే, మెల్లిగా విడిపించుకొని పక్కకు జరిగింది.

మర్నాడూ అంతే. మూడో రోజు మధ్యాహ్నం, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు నన్ను పిలిచింది.

"ఈడికి రా. నువ్వు సూస్తా కూర్చో."

సీకాయతో మోచేతుల దాకా రుద్ది కడుక్కున్న చేతులు నాకు చూపించింది. పాపను ఒళ్ళోకి తీసుకొని, ఆ పొద్దున పట్టుకున్నట్టే వీపు చుట్టూ వేళ్ళు వేసి పట్టుకుంది. కాసేపు చూశాం. ఏమీ లేదు. తరువాత పక్కన పెట్టుకున్న రెండు గిన్నెల్లో ఒకదానిలో వేలు ముంచి పాప ఎడమ తొడ మీద ఒక చుక్క పెట్టింది. ఇంకో గిన్నెలో మరో వేలు ముంచి కుడి తొడ మీద చుక్క పెట్టింది.

"ఈ కాలికి నీళ్ళు. ఈ కాలికి పాలు" అంది.

పాప తన కాలి బొటనవేలు పట్టుకొని ఆడుకుంటోంది. మేమిద్దరం ఆ రెండు చుక్కలనే చూస్తూ కూర్చున్నాం. పది నిమిషాలు కాలేదు, కుడి తొడ మీద దోమ కుట్టినట్టు ఒక దద్దురు లేచింది. చుట్టూ ఎర్రటి అంచు. ఎడమ తొడ ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది.

తన మీద పడిన మాట పోయిందని ఆమె సంతోషపడుతుందేమో అనుకున్నాను. కానీ ఆమె ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. తడిగుడ్డతో ఆ చుక్క తుడిచి, మళ్ళీ తుడిచి, "నా పాలే" అంది. "నెత్తురూ ఇదే, చర్మమూ ఇదే. మీ అమ్మింట్లో పాలు లేకనే బాగుండింది బిడ్డ. నేను పోసి పోసి తాపిస్తి నీకు."

"అత్తా, ఆ పొద్దు నేను…" అని మొదలుపెట్టాను.

"నీ బిడ్డ. నువ్వు సూడకుంటే ఎవురు సూస్తారు?" అని పాపను నా ఒళ్ళో పెట్టింది. అప్పుడు ఇద్దరం ఏడ్చాం. పాప మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

మర్నాడు నేనూ మా అత్తా పాపను ఎత్తుకొని మడివాళ వైపు ఉన్న ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె కన్నడ మనిషి, తెలుగు బాగా అర్థమయ్యేది. అంతకుముందు చూసిన డాక్టర్ల దగ్గర మాకు మాట్లాడే వీలు దొరికేది కాదు, ఈలోపే మందు చీటీ చేతికొచ్చేది. ఈమె పెన్ను పక్కన పెట్టి, "చెప్పండి అజ్జీ" అని అవ్వను పిలిచినట్టు మా అత్త వైపు తిరిగింది. మా అత్త అంతా చెప్పింది. ఏ నెలలో చెంపలు ఎర్రబడ్డాయి, ఊరికి పోతే ఎన్నాళ్ళకు తగ్గాయి, తిరిగొస్తే ఎన్నాళ్ళకు వచ్చాయి, ఉగ్గుగిన్నె, చేతి గుర్తులు, రెండు చుక్కలు, ఒక్కటి వదలకుండా. సీసాలో పాలు కూడా తెచ్చింది, పరీక్ష చేస్తారేమోనని.

డాక్టరమ్మ విని, పాపను ఒళ్ళంతా చూసి, "సగం పని మీరే చేసుకొచ్చారు" అంది. "కానీ అజ్జీ, ఈ చుక్క పరీక్ష ఇంట్లో మళ్ళీ చెయ్యకండి. కొందరు పిల్లలకు కొంచెం తగిలినా గొంతు వాచి ఊపిరాడదు. ఈసారికి దేవుడు చల్లగా చూశాడు."

"పాలల్లో ఏమన్నా కలిసిందా అమ్మా? ఆవులకేసే బూసాలో మందులు కలుపుతాండారు అంటారు."

"మీ పాలు మంచివే. పాలలో ఉండే ఒక పదార్థాన్ని ఈ పాప ఒళ్ళు శత్రువు అనుకుంటోంది. మీ ఆవు పాలైనా, పాకెట్ పాలైనా, డబ్బాలో పొడైనా ఒకటే. దీన్నే పాల అలర్జీ అంటారు. తల్లి తాగిన పాలు కూడా కొంచెం ఆమె పాలలోకి పోతాయి. నెత్తురు వచ్చింది దానికే అయ్యుండొచ్చు."

"అయితే నా పాలు మాన్పించాలా?" అని అడిగాను.

"అస్సలు వద్దు. మీ పాలు ఇవ్వండి. మీరు పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, పాలపొడి ఉండే బిస్కెట్లు మానండి."

"మేకపాలు పట్టొచ్చునా?" అంది మా అత్త ఆశగా.

"వద్దు అజ్జీ. చాలామంది పిల్లలకు అవీ పడవు."

పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది. అక్కడ పాప చేతి మీద మందు చుక్కలు వేసి, సూదితో చిన్నగా గీసి చూశారు. పాల చుక్క వేసిన చోటే పొంగింది. డాక్టరమ్మ నాకు కాల్షియం మాత్రలు రాసి, రెండు మూడు వారాలు ఓపిక పట్టమంది.

ఆ మూడు వారాలు రోజూ గుడ్డలు ఉతికే ముందు నేనూ మా అత్తా వెలుగులో పట్టుకొని చూసేవాళ్ళం. రెండో వారం చివర ఒకరోజు దారాలు కనిపించలేదు. మర్నాడూ లేవు. "ఎవురికీ చెప్పొద్దు" అని గుసగుసగా అంది మా అత్త, ఇంట్లో మేమిద్దరమే ఉన్నా. నెల తిరిగేసరికి పాప చెంపలు చేతికి నున్నగా తగిలాయి.

అప్పటి నుంచి మా ఇంటి పద్ధతులు మారిపోయాయి. మా అత్త పాలు పితికి, పోసేవాళ్ళకు పోసి, స్నానం చేసి, చీర మార్చుకొని అప్పుడే పాపను ఎత్తుకునేది. చలికాలంలో కూడా తప్పేది కాదు. పాలగిన్నెలు కొట్టం దాటి లోపలికి రావడం మానేశాయి. పాపకు రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరి సరిజావ కాచేది. కందిపప్పు కట్టు, మెత్తగా మెదిపిన అరటిపండు, నూనెతో చేసిన కిచిడీ. నేను వద్దన్నా వినక తనూ పెరుగు మానేసింది. పాప తన పళ్ళెంలోది లాక్కొని తింటుందని భయం.

సందులో మాట పుట్టడానికి ఎన్నాళ్ళు? సొంత మనవరాలికే పట్టని పాలు మనకెట్లా మంచివి అని ఎవరో అన్నారు. కొందరు పాకెట్ పాలకు మారారు. ఒక పొద్దున గడప దగ్గర ఒకామె గిన్నె పట్టుకొని ఆ మాటే ముఖం మీద అడిగేసింది. నేను లోపల నిలబడి వింటున్నాను. మా అత్తకు కోపం వస్తుందనుకున్నాను.

"నా పాలు మంచివే. నా మనవరాలికి పడవు. రెండూ నిజమే తల్లీ" అని ఆమె గిన్నెలో పోసి, కొసరు కూడా వేసింది.

పాపకు మూడేళ్ళప్పుడు ఒక గండం తప్పింది. ఎదురింట్లో ఒక ముసలామె ఉండేది. పాపంటే ప్రాణం. పాలతో చేసినవి పెట్టకూడదని ఆమెకూ తెలుసు. అందుకని బేకరీ నుంచి కొబ్బరి బిస్కెట్టు కొనితెచ్చి పెట్టింది. కొబ్బరిదే కదా అనుకుంది. అందులో పాలపొడి ఉంటుందని ఆమెకు తోచలేదు. పాప ఇంటికి వచ్చి "అవ్వా" అని పిలిచింది. ఆ పిలుపుకే మా అత్త చేతిలో చేట కింద పెట్టేసింది.

"గొంతు బొంగురుపోయింది. లే, ఆటో పిలువు" అంది.

నాకు అప్పటికింకా ఏమీ కనిపించలేదు. ఆటో ఎక్కాక పెదాలు వాచాయి, మెడ నిండా దద్దుర్లు లేచాయి. పాప రొప్పుతోంది. దారంతా మా అత్త దాని గుండె మీద అరచెయ్యి ఆనించి, "ఇదో వచ్చేసినాము, ఇదో వచ్చేసినాము" అంటూనే ఉంది. హోసూరు రోడ్డు మీద ఆసుపత్రిలోకి అడుగు పెట్టగానే, పేరు రాయించమన్న మనిషిని దాటుకొని లోపలికి పోయి, కన్నడంలో కేక పెట్టింది, పాపకు పాలు పడవు, గొంతు వాస్తోంది అని. తొడకు ఇంజెక్షను వేశారు. కొద్ది నిమిషాల్లో రొప్పు తగ్గింది. సాయంత్రం దాకా ఉంచి పంపారు.

ఇంటికి వచ్చేసరికి ఎదురింటామె మా గడప మీద కూర్చొని ఏడుస్తోంది. నాకు ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు. మా అత్త మాత్రం పోయి ఆమె పక్కనే కూర్చుంది.

"నువ్వు ప్రేమగానే పెట్టినావు. నేనూ ప్రేమగానే పెట్టినా, నెలల తరబడి. ఏడవద్దు" అంది. ఆ మాట వినేదాకా, ఆ బరువును ఆమె ఇంకా మోస్తోందని నాకు తెలియదు.

ఆ తరువాత పాపకు ఒక వాక్యం నేర్పించాం. ఎవరు ఏది పెట్టినా ముందు అది చెప్పాలి. తెలుగులో "నాకు పాలు పడవు". కన్నడంలో "నంగె హాలు ఆగల్ల". మా సందులో తమిళులూ ఉర్దూ మాట్లాడేవాళ్ళూ ఉన్నారు కాబట్టి ఆ రెండు భాషల్లోనూ నేర్చుకుంది. పాటలాగా నాలుగు భాషల్లో గుక్కతిప్పుకోకుండా చెప్పేది. కండక్టరు టికెట్టు ఇచ్చినా చెప్పేది, గుడిలో పూజారి కుంకుమ పెట్టినా చెప్పేది. బడిలో చేర్చిన మొదటి రోజు టీచరు పేరేమిటని అడిగితే, ముందు ఇది చెప్పి తరువాత పేరు చెప్పిందట.

ఐదో ఏడు నిండాక డాక్టరమ్మ మళ్ళీ గీటు పరీక్ష చేయించింది. ఈసారి పొంగు చాలా చిన్నగా వచ్చింది. "చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ ఇది పోతుంది. ఆసుపత్రిలో ఉంచుకొని, కొంచెం కొంచెంగా తాగించి చూద్దాం. ఇంట్లో మాత్రం వద్దు" అంది.

చెప్పిన రోజు పొద్దున్నే అందరం ఆసుపత్రికి వెళ్ళాం. మా ఆయన సెలవు పెట్టి వచ్చాడు కానీ గదిలో కూర్చోలేక వరండాలో తిరుగుతూ ఉండిపోయాడు. ఇంజెక్షను సిద్ధంగా పెట్టుకొని, నర్సు మొదట పెదవికి ఒక చుక్క తాకించింది. పావుగంట ఆగారు. తరువాత అర చెంచా. మళ్ళీ ఆగారు. పాప నిమిషానికొకసారి, "నాకు పాలు పడవు కదా, మరి ఎందుకు ఇస్తున్నారు?" అని అడుగుతోంది. ఇన్నేళ్ళు మేం నేర్పిన మాటను మేమే తప్పంటున్నట్టుంది.

మా అత్త చెప్పింది. "అప్పుడు నువ్వు చిన్నదానివి. ఇప్పుడు పెద్దదానివి అయినావేమో అని డాక్టరమ్మ చూస్తాండాది. నీకేమన్నా అయితే ఈడ అందరూ ఉండారు. నేనుండాను."

చెంచా, రెండు చెంచాలు, పావు గ్లాసు. ప్రతిసారీ మా అత్త పాప పెదాలు చూసేది, మెడ చూసేది, ఏదో ఒకటి మాట్లాడించి గొంతు వినేది. మధ్యాహ్నం రెండు దాటాక గ్లాసు పూర్తయింది. ఇంకో రెండు గంటలు కూర్చోబెట్టారు. ఏమీ కాలేదు. డాక్టరమ్మ వచ్చి, ఛాతీ పరీక్షించి, "అయిపోయింది అజ్జీ, ఇంక తాగొచ్చు" అంది. మా అత్త లేచి ఆమె రెండు చేతులూ పట్టుకొని కళ్ళకద్దుకుంది. వరండాలోకి పోయి చెప్పేసరికి మా ఆయన గదిలోకి వచ్చి పాపను ఎత్తుకున్నాడు.

తీరా చూస్తే పాపకు పాలు నచ్చలేదు. "వాసన" అని ముక్కు మూసుకునేది. ఐదేళ్ళు లేని రుచి ఒక్కరోజులో అలవాటు కాదు కదా. పెరుగు మాత్రం చక్కెర వేస్తే తినేది. మా అత్త ఎప్పుడూ బలవంతం చెయ్యలేదు.

పాప బడికి పోవడం మొదలుపెట్టాక నేను మళ్ళీ ఆ ఫ్యాక్టరీలోనే చేరాను, ఈసారి పిల్లల్ని చూసుకునే గదిలో. కుట్టుపని చేసే తల్లులు పసిపిల్లల్ని అక్కడ వదిలి మిషన్ల దగ్గరికి పోతారు. రెండువేల సంవత్సరం దాటిన మొదటి రోజుల్లో మదనపల్లె నుంచి వచ్చిన ఒక చిన్నవయసు తల్లి, మూడు నెలల మగపిల్లవాణ్ణి తెచ్చేది. ఒకరోజు వాడి గుడ్డలో నాకు నెత్తురు చార కనిపించింది. అంతా తెలిసిపోయినట్టే అనిపించింది. పాలు మానెయ్యమని ఆ అమ్మాయికి అప్పుడే చెప్పబోయాను. మళ్ళీ ఆగి, మా పాప సంగతి మాత్రం చెప్పి, "నాతో డాక్టరమ్మ దగ్గరికి రా" అన్నాను.

డాక్టరమ్మ జుట్టు అప్పటికి నెరిసింది. పిల్లవాణ్ణి చూసి, ఇది పాల వల్ల కాదని చెప్పింది. విరేచనం గట్టిపడి చిన్న చీలిక పడింది, వారంలో మానిపోతుందని మందు రాసింది. దద్దుర్లు లేవు, చర్మం బాగుంది, బరువు పెరుగుతున్నాడు. నేను ముడుచుకుపోయి కూర్చున్నాను. అనవసరంగా ఒక తల్లిని భయపెట్టానే అనిపించింది.

"అట్లా అనుకోకండి. చూశారు, చెప్పారు, తీసుకొచ్చారు. అదేమిటో తేల్చే పని మాది" అంది డాక్టరమ్మ.

బయటికి వచ్చాక ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "అయితే నేను పాలు తాగొచ్చునా అక్కా?" అని అడిగింది. పొద్దుట్నుంచీ భయంతో ఏమీ తినలేదట. ఎదురుగా ఉన్న హోటల్లోకి తీసుకెళ్ళి చెరో ఇడ్లీ ప్లేటు, చెరో కాఫీ చెప్పాను. ఆమె తింటున్నంతసేపు పిల్లవాణ్ణి నేను ఎత్తుకున్నాను. వాడు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.